చూడి గొర్రెలకు నట్టల మందు తాగించే ముందు

సీసా మూత తీయకముందే మందు పేరు చదవండి. ఆల్బెండజోల్ అయితే ఆగండి. పొట్టేలును మందలోంచి తీసేశాక 30 రోజుల వరకు గొర్రెలకు, చూడి కట్టిన మొదటి 45 రోజులు ఆవులకు ఇది వద్దు. పిండానికి ఎముకలు, అవయవాలు ఏర్పడేది అప్పుడే. పిండం చనిపోవచ్చు, లేదా వంకర కాళ్లతో పిల్ల పుట్టొచ్చు. తల్లి మాత్రం మామూలుగానే మేస్తుంటుంది, అందుకే అనుమానం రాదు.

పొట్టేలు ఏడాదంతా మందలోనే తిరిగితే ఏ గొర్రె ఎప్పుడు కట్టిందో చెప్పలేం. మన దగ్గర చాలా మందలు ఇంతే. అలాంటప్పుడు దాని బదులు ఫెన్‌బెండజోల్ అనే మరో నట్టల మందు వాడొచ్చా అని పశువైద్యుణ్ణి అడగండి.

గొర్రెను తూకం వేశాకే డోసు కొలవండి.

మూతి మరీ పైకెత్తొద్దు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెను ఆల్బెండజోల్ ముట్టుకోనివ్వకండి.