బటన్‌తో తెరుచుకునే డిక్కీ డోర్ సగంలో ఆగిపోతే: నా అనుభవం

మా కారు డిక్కీ డోర్ బటన్ నొక్కితే జానెడు లేచి, బీప్ బీప్ అని ఆగిపోయేది. చేత్తో ఎత్తితే మాత్రం మామూలుగానే లేచేది. బ్యాటరీ, ఫ్యూజులు, రిమోట్ సెల్, లాక్ శుభ్రం చేయడం, అన్నీ అయ్యాయి, లాభం లేదు. మోటర్ మార్చాలన్నారు, ఖర్చు తలచుకుంటేనే టెన్షన్.

దారి చూపింది రివర్స్ కెమెరా. డోర్ కదిలినప్పుడల్లా దాని బొమ్మ కూడా పోయి వచ్చేది. రెండిటి వైర్లూ వెళ్లేది ఒకే చోటు నుంచి: పైన కీలు దగ్గరి రబ్బరు గొట్టం. డోర్ తీసి వేసిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి.

ముందు డోర్‌కి గట్టి కర్ర ఊతం పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేశాను. గొట్టం రెండు చివర్లూ ఊడదీసి వెనక్కి జరిపి, ఒక్కో వైరును మెల్లగా లాగి చూశాను. ఒకటి రబ్బరులా సాగింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది! ఇది కంటికి కనిపించదు, లాగితేనే తెలుస్తుంది. తెగిన భాగం కోసేసి, అంతే మందం ఉన్న మెత్తటి వైరు ముక్క కాస్త పొడవుగా వేసి, వేడికి బిగుసుకునే స్లీవ్ ముందే తొడిగి, టంకం పెట్టాక దాన్ని అతుకుల మీదికి జరిపి వేడి చేశాను. అతుకులు మాత్రం వంపులో పడకుండా రెండు పక్కలకీ జరిపాను. బ్యాటరీ కలిపాక డోర్‌ని చేత్తో పూర్తిగా మూసి, తర్వాతే బటన్ నొక్కాను.

మూడు నెలలుగా ఇబ్బంది లేదు. అందరిదీ ఇదే జబ్బని చెప్పలేను. చేత్తో ఎత్తినా బరువుగా ఉంటే, ఎత్తాక కిందికి జారిపోతుంటే, మొదట డోర్‌ని పైకి ఎత్తి నిలిపే పక్క రాడ్లను మెకానిక్‌కి చూపించండి.