పాత రియోహా రెడ్ వైన్లను పోల్చి చూసే ముందు జాగ్రత్తలు

ముప్పై ఏళ్లు దాటిన గ్రాన్ రిసెర్వాను (స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిల్వచేసే వైన్ వర్గం) గంటల ముందే తెరిచి వేరే పాత్రలోకి వంపకండి. అంత వయసున్న వైన్ గాలి తగిలిన కొద్దిసేపటికే సువాసన కోల్పోవచ్చు, పోయినది తిరిగి రాదు.

సీసాను కనీసం ఒక రోజు ముందే నిలువుగా ఉంచండి. అడుగున చేరిన మడ్డి కదిలితే వైన్ మసకబారి, నాలుకకు చేదుగా, ఇసుకలా తగులుతుంది.

పాత కార్కు మెత్తబడి ఉంటుంది కనుక, కార్కులు తీసే మామూలు మరతో లాగితే నలిగి లోపల పడవచ్చు. రెండు పలుచని రేకులను పక్కలనుంచి దించి తీసే సాధనమే నా దృష్టిలో మేలు.

లేబుల్‌పై వర్గం చూడండి. రిసెర్వాకు మొత్తం కనీసం 3 ఏళ్ల నిల్వ ఉండాలి, అందులో ఓక్ పీపాలో ఒక ఏడాది. గ్రాన్ రిసెర్వాకు 5 ఏళ్లు, పీపాలో 2 ఏళ్లు. ఈ రెండింటినీ కలిపి తూచితే పోలిక న్యాయంగా ఉండదు.

16–18 డిగ్రీల వద్ద పోయండి. వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటే ముందుకొస్తుంది.