ఏఏ మీటింగ్ నాకెలా దొరికిందంటే
మందు మానాలని 3 సార్లు ట్రై చేసి ఓడిపోయాక ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే గ్రూపు) మీటింగ్ ఎక్కడుందా అని నెట్‌లో వెతికా, దొరికిన అడ్రస్ పట్టుకుని వెళ్తే గేటుకి తాళం, ఎప్పుడో మార్చేశారంట. ఆ రాత్రి మళ్ళీ తాగేశా. ఈసారి ముందు ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా, ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగినోడే, "తెలుగు మీటింగే తమ్ముడూ, సాయంత్రం రా, గేటు దగ్గరే ఉంటా" అన్నాడు, ఉన్నాడు కూడా. చర్చి వెనక స్కూలు గది, పిల్లల బెంచీలు. నా చెయ్యి వణుకుతోందని టీ సగం గ్లాసే పోశారు, అది ఇప్పటికీ మర్చిపోలేను. ఇంటిపేరు అడగలేదు, ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలన్నారు. రోజూ బాగా తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఆపెయ్యొద్దు, ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టర్ని కలవండి. ఎవర్ని అడగాలో తెలీకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, మా ఆవిడ వెళ్తోంది.