ఇంటి స్టూడియో – 3వ పాఠం: ప్రకటన ఎందుకు అరుస్తుంది?

ఆర్.కె. బీచ్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకు రమ్మన్నాను కదా, ఆ ఫైలును ఆడాసిటీలో (శబ్దాన్ని గీతలుగా చూపించి, సరిదిద్దుకోనిచ్చే ఉచిత ప్రోగ్రామ్) తెరవండి. అక్కడక్కడా ఒక సూది పైకి లేచి కనిపిస్తుంది. పక్కనెవరో ఈల వేశారు, లేదా మైకుకు గాలి కొట్టింది. మీ మాట మాత్రం కింద సన్నగా పాకుతోంది.

ఆ సూది కొసను పీక్ అంటారు. దానికి పైకప్పు 0 డెసిబెల్స్. చెవి సూదుల్ని పట్టించుకోదు, మొత్తం మీద ఎంత మోత వచ్చిందో చూస్తుంది. ప్రకటనలవాళ్ల కిటుకు ఇదే. కంప్రెసర్‌తో సూదుల్ని అణిచేసి, మిగతాదంతా పైకప్పు దాకా లేపుతారు. పీక్ చూస్తే మీదీ వాళ్లదీ ఒకటే. మొన్న రాత్రి ఎంవీపీ కాలనీలో మా అక్క పాపను జోకొడుతూ వంట వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చింది. పాప లేచింది, ఫోను మంచం కిందకి పోయింది.

మోతకు కొలత లఫ్స్. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మోత ఎక్కువ. అమెరికాలో టీవీ ప్రకటన కార్యక్రమం కంటే గట్టిగా ఉండకూడదని 2010లో చట్టం చేసి, 2012 డిసెంబరు నుంచి అమలు చేశారు. అది టీవీకే. ఆన్‌లైన్ వీడియోలు అందులోకి రాలేదు.

యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ దాటిన వీడియోను తగ్గిస్తుంది. నెమ్మదిగా ఉన్నదాన్ని మామూలుగా పెంచదు. మీది మైనస్ 22 అయితే, మధ్యలో వచ్చే మైనస్ 14 ప్రకటన 8 డెసిబెల్స్ ఎక్కువ. 10 పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది, ఇక 8 అంటే చూసుకోండి. ప్రకటనను మనం తగ్గించలేం. మన మాటను పైకి తేవడం మన చేతిలోనే ఉంది.

మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరవండి. అక్కడ మైనస్ 23 ముందే ఉంటుంది, అది యూరప్ టీవీల లెక్క. మైనస్ 14 చేయండి. సూదులు పైకప్పు దాటాయా? టెన్షన్ వద్దు. సూదుల్ని హద్దు దాటనివ్వని లిమిటర్ అనే ఎఫెక్ట్‌ను మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టండి. ఎక్స్‌పోర్ట్ మాత్రం ఆ తర్వాతే, లేకపోతే గొంతు చిరుగుతుంది.

ఇప్పుడు వినండి. మీ మాటతో పాటు సముద్రం హోరు కూడా అంతే పెరిగింది కదూ? కావాలనే బీచ్‌కు పంపాను. ఈసారి తలుపులేసి, ఫ్యాను ఆపి, అవే మాటలు రికార్డు చేసి ఉంచండి. 4వ పాఠంలో రెండూ పక్కపక్కన పెడదాం.