గవర్నమెంట్ క్లాసులో సివిక్ అవర్స్: కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చిన మన కుటుంబాలకు

పిల్లల్ని ఇక్కడి హైస్కూల్లో చేర్పించే తెలుగు కుటుంబాలు లెక్కలు, సైన్సు గురించి ముందే వాకబు చేసుకుని వస్తాయి. పన్నెండో తరగతిలో వచ్చే గవర్నమెంట్, ఎకనామిక్స్ గురించి మాత్రం అడిగేవాళ్లు తక్కువ. కాలిఫోర్నియా పబ్లిక్ హైస్కూల్లో పట్టా చేతికి రావాలంటే ఈ రెండూ ఒక్కో సెమిస్టర్ చొప్పున చదవాల్సిందే. పైగా కొన్ని స్కూళ్లలో పుస్తకంతో సరిపోదు. సెమిస్టర్‌లో ఇన్ని గంటలు ఊరి ప్రజా వ్యవహారాల్లో పాల్గొని, సంతకం చేయించిన కాగితంతో పాటు అక్కడ ఏం చూశారో రాసి తేవాలంటారు. పిల్లలు వీటినే సివిక్ అవర్స్ అంటుంటారు.

ఎన్ని గంటలు, ఏవి లెక్కలోకి వస్తాయి అన్నది స్కూలును బట్టి, ఒక్కోసారి టీచర్ని బట్టి మారుతుంది. మేరీల్యాండ్‌లోలాగా రాష్ట్రమే 75 గంటల సేవ అని పెట్టిన నియమం ఇక్కడ లేదు. అందుకే వేరే స్కూల్లో చదివే బంధువుల అబ్బాయి మాట నమ్ముకోకుండా, సెమిస్టర్ మొదట్లో ఇచ్చే సిలబస్ కాగితం మీరే ఒకసారి చదవండి.

"మనం ఉద్యోగి కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాం, ఇవన్నీ సిటిజన్లకు కదా" అని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. సిటీ కౌన్సిల్ మీటింగ్, స్కూల్ బోర్డ్ మీటింగ్, సుపీరియర్ కోర్టులో (కౌంటీ స్థాయి కోర్టు) బహిరంగంగా జరిగే విచారణ: వీటికి వెళ్లడానికి పౌరసత్వం, వీసా ఎవరూ అడగరు. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల సమావేశాలు ప్రజలందరికీ తెరిచి ఉండాలి. మామూలు సమావేశమైతే ఎజెండా కనీసం 72 గంటల ముందు బయటపెట్టాలి. లోపలికి రావాలంటే పేరు నమోదు చేసుకోవాలని షరతు పెట్టడానికి కూడా వీల్లేదు.

నా మాట వింటే కౌన్సిల్ మీటింగ్‌తోనే మొదలుపెట్టండి, మొదటిసారి మీరూ పక్కన కూర్చోండి. సాధారణంగా సాయంత్రాలే జరుగుతుంది. ముందురోజు సిటీ వెబ్‌సైట్‌లో ఎజెండా తెరిచి, పిల్లలకు సంబంధం ఉన్న ఒక్క అంశం ఎంచుకోమనండి: స్కూలు ముందు క్రాస్‌వాక్ కావచ్చు, లైబ్రరీ వేళలు కావచ్చు. దాని నంబరు రాసుకోవాలి. కన్సెంట్ క్యాలెండర్ అని ఒక భాగం ఉంటుంది. అందులో ఉన్నవన్నీ కలిపి ఒకే ఓటుతో అయిపోతాయి, మన అంశం అందులో ఉంటే రెప్పపాటులో దాటిపోతుంది. మాట్లాడదలిస్తే చాలాచోట్ల స్పీకర్ కార్డు నింపి క్లర్కుకు ఇస్తే పిలుస్తారు. తరచుగా ఇచ్చేది రెండు మూడు నిమిషాలే, ఎదురుగా టైమర్ నడుస్తుంటుంది. కాబట్టి ఇంట్లో ఒకసారి బిగ్గరగా చదివించండి. మన దగ్గర డిగ్రీలో ఎన్.ఎస్.ఎస్. చేసినవాళ్లకు శ్రమదానం, సేవ కొత్త కాదు. ఎన్నికైన నాయకుల ముందు నిలబడి, ఎవరి సిఫారసూ లేకుండా తన వీధి గురించి తను మాట్లాడటం మాత్రం మన పిల్లల్లో చాలామందికి కొత్తే. అది వాళ్లకు అందాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కాలిఫోర్నియాలో 16, 17 ఏళ్ల పిల్లలు ఓటుకు ముందస్తు నమోదు చేసుకోవచ్చు, కానీ అది అమెరికా పౌరులకు మాత్రమే. క్లాసులో అందరికీ ఫారాలు పంచినప్పుడు మన పిల్లలు కూడా మొహమాటానికి నింపేస్తారు. హెచ్-4 మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా నింపకూడదు. పౌరులమని తప్పుగా చెప్పుకున్నట్టు తేలితే, తర్వాత గ్రీన్‌కార్డుకు, సిటిజన్‌షిప్‌కు శాశ్వతంగా అడ్డు పడవచ్చు. డ్రైవింగ్ పర్మిట్ కోసం లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకు వెళ్లినప్పుడూ ఓటు గురించి ప్రశ్న వస్తుంది, అక్కడా అంతే జాగ్రత్త. ఒకే ఇంట్లో పెద్దమ్మాయి హైదరాబాద్‌లో, చిన్నవాడు ఇక్కడ పుట్టి ఉంటే ఇద్దరికీ ఒకే నియమం వర్తించదని ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఫారం నింపడమే అసైన్‌మెంట్ అయితే "మా అమ్మాయికి అర్హత లేదు, బదులుగా వేరే పని ఇవ్వగలరా" అని టీచరుకు రెండు లైన్ల మెయిల్ రాస్తే చాలు. వీసా వివరాలు చెప్పనక్కర్లేదు.

పోలింగ్ రోజున పనిచేసే స్టూడెంట్ పోల్ వర్కర్ అవకాశం 16 నిండి, జీపీఏ (గ్రేడ్ల సగటు) కనీసం 2.5 ఉన్నవారికి ఉంది. దీనికి గ్రీన్‌కార్డు ఉన్నా చాలు, హెచ్-4 సరిపోదు. హెచ్-4 పిల్లలు అభ్యర్థి తరఫున జీతం లేకుండా ప్రచారంలో సాయం చేయడానికి అభ్యంతరం లేదు. డబ్బు మాత్రం ఇవ్వకూడదు. ప్రచార నిధి కోసం అమ్మే బ్యాడ్జీ కొన్నా విరాళం కిందే లెక్క. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ విరాళాల నిషేధం లేదు.

ఎకనామిక్స్ సెమిస్టర్‌లో గంటలు అడిగితే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా ట్యాక్స్ రిటర్న్ దాఖలు చేసిపెట్టే వీటా కేంద్రాలను కనుక్కోండి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా పని ఎక్కువ. లెక్కలు వేయాలంటే ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) సర్టిఫికేషన్ కావాలి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కాగితాలు సర్దే పనికి అంత తతంగం ఉండదు. జీతం మీద బతికే ఇంటికి ట్యాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో ఇచ్చే తగ్గింపు) ఎంత ముఖ్యమో అక్కడ కళ్లారా తెలుస్తుంది.

గుడిలో చేసిన సేవ, బాబాయి ఆఫీసులో చేసిన పని చూపించాలనుకుంటే ముందే టీచర్ని అడగండి. అమ్మానాన్నల సంతకంతో గంటలు చూపించే ఆలోచన వద్దు.

మరొక్కటి. స్టేట్ సీల్ ఆఫ్ సివిక్ ఎంగేజ్‌మెంట్ అని 2020లో రాష్ట్ర విద్యా మండలి ప్రమాణాలు ఆమోదించిన ఒక గుర్తింపు ఉంది, దాన్ని డిప్లొమా మీదో ట్రాన్స్‌క్రిప్ట్ మీదో వేస్తారు. దీనికి పౌరసత్వం షరతు కాదు. అన్ని స్కూళ్లూ ఇవ్వవు కాబట్టి పన్నెండో తరగతి దాకా ఆగకుండా, చేరిన ఏడాదే కౌన్సెలర్‌ని అడగండి.