మావాడు ఈత మానేసింది నీళ్లంటే భయంతో కాదు

మావాడికి 12 ఏళ్లు, బరువు 64 కిలోలు. పరుగెత్తమంటే మోకాళ్లు నొప్పి అనేవాడు. సాకు అనుకున్నాను. పిల్లల డాక్టరు గారు మాత్రం, ఆ బరువుకి నొప్పి నిజమే, ఈతకి పంపండి అన్నారు. నడుము లోతు నీళ్లలో కాళ్ల మీద పడేది ఒంటి బరువులో దాదాపు సగమేనట.

విజయవాడలో వేసవి బ్యాచ్‌లో చేర్చాం. రెండో రోజే మానేశాడు. బతిమాలాను, ఒకసారి కసిరాను కూడా (అది నా తప్పే). వారానికి గానీ అసలు సంగతి బయటపడలేదు: చొక్కా విప్పితే తోటి పిల్లలు నవ్వారట. వెంటనే ఒంటిని కప్పే పొడుగు చేతుల ఈత డ్రెస్సు కొన్నాను, జనం పల్చగా ఉండే ఆరింటి బ్యాచ్‌కి మార్పించాను. మళ్లీ మానలేదు.

తీరా చూస్తే మొదటి నెల కిలో పెరిగాడు! ఈత కొట్టాక ఆకలి దంచేస్తుంది కదా, గేటు బయట బండి మీద పునుగులు, పైన కూల్‌డ్రింకు. ఇంటి నుంచే ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మజ్జిగ పట్టుకెళ్లడం మొదలుపెట్టాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారానికి మూడు రోజుల ఈత దానికి చాలదు, మిగతా రోజులు సైకిల్.

ఆరు నెలలకి 62 కిలోలు. తగ్గింది రెండే, కానీ ఈలోగా ఎత్తు పెరిగాడు, మూడో అంతస్తుకి ఆయాసం లేకుండా ఎక్కుతున్నాడు. మొన్న ఆ డ్రెస్సు ఇంట్లో మర్చిపోయి, ఉత్త నిక్కరుతోనే దూకేశాడు.