మిడ్‌వైఫరీ కోర్సు ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి: లేబర్ రూమ్ స్టాఫ్ నర్సులకు

‘మీరు చేసిన చివరి కాన్పు గురించి చెప్పండి’ అంటే తడుముకోకుండా రెండు నిమిషాలు చెప్పగలగాలి. తయారీ అక్కణ్నుంచే మొదలుపెట్టండి, పుస్తకాలు తర్వాత.

ఇక్కడ చెబుతున్నది ఎన్‌పీఎం, అంటే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ (మామూలు కాన్పులను తామే చూసుకునేలా నర్సులకిచ్చే శిక్షణ) కోర్సు గురించి. మొత్తం 18 నెలలు, అందులో చివరి 6 నెలలు ఇంటర్న్‌షిప్. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి, రిజిస్ట్రేషన్ ఉండి, కాన్పులు చేసిన అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టింది. తెలంగాణలో 2017లోనే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ (హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే సంస్థ), యూనిసెఫ్ తోడ్పాటుతో ఇలాంటి శిక్షణ మొదలైంది. కేంద్ర మార్గదర్శకాలు 2018 డిసెంబరులో వచ్చాయి.

‘మనకు మిడ్‌వైఫ్ ఎందుకు?’ అనే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశంలో 21.5 శాతం, ఏపీలో 42.4, తెలంగాణలో 60.7. ఈ అంకెలు చెప్పి, మామూలుగా అయ్యే కాన్పును ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండే మనిషి, తేడా వస్తే వెంటనే గుర్తుపట్టే మనిషి కావాలని చెప్పండి. డాక్టర్లను తప్పుపట్టే దారిలోకి పోవద్దు. రేపు పనిచేయాల్సింది వాళ్ల పక్కనే.

మీ రిజిస్టరే మొదటి పాఠం

లేబర్ రూమ్ రిజిస్టర్, కేస్ షీట్లు చూసి మూడు కేసులు ఎంచుకోండి: సాఫీగా అయిన తొలిచూలు కాన్పు ఒకటి, పై ఆసుపత్రికి పంపింది ఒకటి, కాన్పయ్యాక ఇబ్బంది వచ్చింది ఒకటి. పేర్లు, ఊళ్లు రాసుకోవద్దు, చెప్పొద్దు. ఎన్నో కాన్పు, ఎన్ని వారాలు, వచ్చినప్పుడు గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెం.మీ. తెరుచుకుంది, ఎఫ్‌హెచ్‌ఎస్ (బిడ్డ గుండె చప్పుడు), బీపీ, ఉమ్మనీరు రంగు, ఎన్ని గంటలకు బిడ్డ పుట్టింది, బరువెంత, రక్తం ఎంత పోయింది, కుట్లు పడ్డాయా అన్నవి కేసుకో అర పేజీ రాసుకోండి.

పంపిన కేసు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ‘మేడమ్‌కి ఫోన్ చేశానండి, పంపించమన్నారు’ అని ఆగిపోతారు. ఫోన్ చేసేముందు మీరేం చూశారు, ఏమనుకున్నారు, అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేశారు అన్నదే బోర్డుకు కావాల్సింది.

పార్టోగ్రాఫ్

కాన్పు ఎలా సాగుతోందో గుర్తులు పెడుతూ గీసే ఈ చార్టుకు కనీసం వారం పెట్టండి. ఖాళీ పార్టోగ్రాఫులు పది జిరాక్స్ తీయించి, రోజుకో పాత కేసు నింపండి. డ్యూటీలో అన్నీ అయ్యాక ఒకేసారి నింపే అలవాటుంటే ఇక్కడ తెలిసిపోతుంది. గీతలు పడతాయి గానీ, ‘ఈ చుక్క చూసి ఏం చేస్తావు?’ అంటే నోరు పెగలదు.

ఒక ఉదాహరణ. పొద్దున 10 గంటలకు 4 సెం.మీ. మధ్యాహ్నం 2కి 6 సెం.మీ. పాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పార్టోగ్రాఫ్‌లో అలర్ట్ లైన్ (హెచ్చరిక గీత) గంటకు 1 సెం.మీ. చొప్పున పోతుంది కాబట్టి 2 గంటలకు 8 దగ్గర ఉంటుంది. మీ చుక్క అలర్ట్ లైన్ దాటింది, దానికి 4 గంటల కుడిపక్కనున్న యాక్షన్ లైన్‌ను ఇంకా తాకలేదు. పీహెచ్‌సీలో ఉంటే పై ఆసుపత్రికి పంపాలి. ఆపరేషన్ సదుపాయం ఉన్నచోట డాక్టర్‌కు చెప్పి, మూత్రం పోయించి, 10 నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో, తల ఎంత దిగిందో, ఎటు తిరిగి ఉందో చూడాలి. ఈ వరసలో చెప్పండి.

2020లో అదే సంస్థ తెచ్చిన కొత్త చార్టు, లేబర్ కేర్ గైడ్ కూడా తెలిసుండాలి. అందులో యాక్టివ్ ఫేజ్ (కాన్పు వేగం అందుకునే దశ) 5 సెం.మీ. నుంచి మొదలు, అలర్ట్ లైన్ లేదు. 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5 గంటలు, 7 దగ్గర 3 గంటలు కదలకపోతే హెచ్చరిక. తల్లి పక్కన తోడుందా, ఏమైనా తాగుతోందా, ఏ భంగిమలో ఉందన్నవీ అందులో రాయాలి. అన్నిటికన్నా మామూలు తప్పు 2, 3 సెం.మీ. దగ్గరే గీయడం మొదలుపెట్టడం. లేటెంట్ ఫేజ్ (దానికి ముందుండే తొలి దశ) నిదానంగానే నడుస్తుంది. దాన్ని లెక్కలో కలిపితే బాగున్న తల్లి కూడా ‘కాన్పు ఆగిపోయింది’ అన్న ఖాతాలో పడి, అక్కర్లేని ఆక్సిటోసిన్‌కో (గర్భసంచిని బిగించి నొప్పులు పెంచే మందు) ఆపరేషన్‌కో వెళ్తుంది.

చేతులతో చేస్తూ, నోటితో చెబుతూ

మాయ పడే దశను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి సాధన చేయండి. బిడ్డను తల్లి పొట్టమీద వేసి తుడవడం, పొట్ట తడిమి ఇంకో బిడ్డ లేదని చూడడం, నిమిషంలోపు తొడకు ఆక్సిటోసిన్ 10 యూనిట్ల కండరపు ఇంజెక్షన్. బిడ్డ ఏడుస్తుంటే 1–3 నిమిషాలాగి బొడ్డుతాడు క్లాంప్. గర్భసంచి బిగిశాక ఒక చెయ్యి పొత్తికడుపు కింద పెట్టి సంచిని పైకి ఆనించి, రెండో చేత్తో తాడు లాగాలి. ఆ పైచెయ్యి మర్చిపోతే తాడు తెగొచ్చు, సంచే తిరగబడి బయటికి రావచ్చు. కారణంతో సహా చెప్పండి. మాయ ముక్కలూ పొరా పూర్తిగా వచ్చాయో లేదో చూడడంతో ముగించండి. ఆక్సిటోసిన్ ఎక్కడ పెడతారని అడిగితే ఫ్రిజ్‌లో, 2–8 డిగ్రీల దగ్గర. ట్రేలో వదిలేస్తే మందు పస తగ్గుతుంది.

పీపీహెచ్‌కు (కాన్పయ్యాక అతిగా రక్తం పోవడం) 500 మి.లీ. అన్న హద్దు చెప్పి ఊరుకోకండి. మనుషుల్ని కేకేయడం, గర్భసంచి మసాజ్, మూత్రం తీయడం, లావుపాటి క్యాన్యులాలు రెండు, ఆక్సిటోసిన్ డ్రిప్, 3 గంటల్లోపు ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) 1 గ్రా. 10 నిమిషాలపాటు నరంలోకి, మాయ ముక్కలూ చీలికలూ వెతకడం.

బీపీ పెరిగి మూర్ఛ (ఎక్లాంప్సియా) వచ్చిన తల్లికి పీహెచ్‌సీలో ఇచ్చే మొదటి డోసు మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రా.: 50 శాతం మందు, 1 గ్రాము ఆంప్యూళ్లు ఒక్కో పిరుదుకు ఐదు, కండరంలో లోతుగా. తర్వాతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్, నిమిషానికి కనీసం 16 శ్వాసలు, గంటకు 30 మి.లీ. మూత్రం చూడాలి. ఆ మందు ఎక్కువైతే విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., నరంలోకి నిదానంగా.

తల్లితో మాట

ఒకరిని మంచం మీద కూర్చోబెట్టి ‘ఈమె తొలిచూలు, 5 సెం.మీ., ఏడుస్తోంది, బయట అత్తగారు ముహూర్తం దాటిపోతోంది ఆపరేషన్ చేయించమంటున్నారు. మాట్లాడండి’ అని ఇవ్వవచ్చు. కళ్లకు కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి, మీ పేరు చెప్పండి. పీవీ (యోని ద్వారా లోపలి పరీక్ష) చేసేముందు, ‘అమ్మా, దారి ఎంత తెరుచుకుందో చూస్తాను, చూడొచ్చా? ఇబ్బందైతే ఆపమనండి, ఆపేస్తాను’ అనండి. చేశాక ఏం తెలిసిందో తల్లికే ముందు చెప్పండి. అత్తగారిని కసరకండి. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని డాప్లర్‌లో వినిపించండి. బిడ్డ గురించిన భయం తగ్గాక ముహూర్తం మాట పట్టు కూడా సడలుతుంది.

పొట్టమీద నొక్కడం, అందరికీ ఎపిసియాటమీ (యోని ద్వారం దగ్గర కోత) కోయడం, వెల్లకిలా పడుకోబెట్టే కాన్పు గురించి అడిగినప్పుడు, మీ ఆసుపత్రిలో జరుగుతుంటే దాచకండి. ‘జరుగుతోంది, ఇందువల్ల తప్పు, నేర్చుకుని మానాలనే వస్తున్నాను’ అన్న నిజమే మంచి జవాబు.

కాగితాలు

రిజిస్ట్రేషన్‌లో నర్సుతోపాటు మిడ్‌వైఫ్ అని కూడా ఉందా, గడువు ఉందా చూసుకోండి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో వట్టి ‘స్టాఫ్ నర్సు’ అని ఉంటే చాలదు, లేబర్ రూమ్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ఆధార్‌కూ మార్కుల మెమోకూ పొంతన ఉండదు, దానికి ఆధారం వెంట ఉంచుకోండి. సర్వీసులో ఉన్నవాళ్లు పైఅధికారి అనుమతి పత్రం కోసం నోటిఫికేషన్ వచ్చిన రోజే అడగాలి. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్ వేరువేరు ఫైళ్లలో. 18 నెలలు ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ముందే మాట్లాడుకుని వెళ్లండి, ఆ ప్రశ్నా వస్తుంది.

ముందురోజు రాత్రి గోళ్లు తీసుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ బ్యాగులో పెట్టి లోపలికి వెళ్లండి. నైపుణ్యాల పరీక్ష ఉంటే చెయ్యి కడగడం నుంచే మార్కులు పడతాయి, సబ్బుతో 40–60 సెకన్లు.